పాతకాలపు కారుకు స్పార్క్ ప్లగ్‌లు, ఇగ్నిషన్ వైర్లు ఎంచుకోవడం: సమగ్ర మార్గదర్శి

పాత కారు కుదుపులతో నడిచినా, చలి ఉదయాన స్టార్ట్ కాకుండా మొరాయించినా చాలామంది ముందుగా కార్బ్యురేటర్‌ను (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగాన్ని) విప్పుతారు. నేను మాత్రం ముందు ప్లగ్‌లను, వాటికి వచ్చే వైర్లను చూస్తాను. కార్బ్యురేటర్‌ది అనుకున్న దోషం చివరికి ఒక చీలిన ప్లగ్ క్యాప్‌లోనో, ఆ కారుకు సరిపడని వైరులోనో బయటపడడం ఎన్నోసార్లు చూశాను. పాయింట్లు (కాయిల్‌కు వెళ్లే కరెంటును కలిపి తెంచే స్విచ్చు), కండెన్సర్ (ఆ పాయింట్లు కాలిపోకుండా కాపాడేది), డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ విద్యుత్తును ఒక్కో సిలిండర్‌కు పంచేది) ఉన్న పెట్రోల్ కార్ల కోసం, అలాంటి కారుకే తరువాతి రోజుల్లో పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ అమర్చుకున్నవారి కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను.

ప్లగ్‌ను, వైరును విడివిడిగా ఎంచుకోకూడదన్నది ఇందులో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట. కాయిల్‌లో (బ్యాటరీ వోల్టేజీని పెంచే భాగంలో) పుట్టిన వేల వోల్టుల విద్యుత్తు డిస్ట్రిబ్యూటర్ క్యాప్ నడిబొడ్డుకు చేరి, రోటర్ (క్యాప్ లోపల తిరిగే ముక్క) మీదుగా అంచు టెర్మినల్‌కు దూకి, వైరు వెంట ప్రయాణించి, ప్లగ్ క్యాప్ దాటి, చివరకు ప్లగ్ కొన దగ్గర మెరుపవుతుంది. ఈ దారిలో ప్రతి మజిలీలోనూ కొంత నిరోధం ఉంటుంది, ప్రతి చోటా ఇన్సులేషన్ బలహీనపడే అవకాశం ఉంటుంది. కాబట్టి దారి మొత్తాన్ని ఒకేసారి చూసి కొనాలి.

మొదటి అడుగు: కొనే ముందు కారును చదవండి

కారు తయారీదారు ఇచ్చిన వర్క్‌షాప్ మాన్యువల్‌లో ప్లగ్ కోడ్, గ్యాప్ (ప్లగ్ కొన దగ్గర స్పార్క్ దూకే సందు), ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) ఉంటాయి. వాటిని ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ తరువాత, మీ ఎదుట ఉన్న ఇంజన్ నిజంగా ఆ మాన్యువల్ చెప్పిన ఇంజనేనా అని నిర్ధారించుకోండి. యాభై, అరవై ఏళ్లు తిరిగిన కారులో ఇంజన్ మారి ఉండవచ్చు, సిలిండర్ హెడ్ మరో మోడల్‌ది అయి ఉండవచ్చు, కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే మేర) పెంచి ఉండవచ్చు. ఇంజన్ నంబరుతో పాటు హెడ్ మీద పోతపోసిన నంబరును కూడా సరిచూసుకోవడం అందుకే అవసరం.

ఇంజన్ పూర్తిగా చల్లారాక, ప్లగ్‌ల చుట్టూ ఉన్న మట్టిని గాలితో ఊది, వాటిని ఒక్కొక్కటిగా విప్పి, ఏది ఏ సిలిండర్‌దో తెలిసేలా వరుసగా పేర్చండి. వైర్లను లాగేటప్పుడు వైరును కాకుండా చివరి రబ్బరు బూటును పట్టుకుని, కొద్దిగా తిప్పి లాగాలి. విప్పే ముందే ప్రతి వైరుకు సిలిండర్ నంబరు చీటీ అంటించండి. కాయిల్ టెర్మినళ్లకు ఏ వైరు వెళుతోంది, బ్యాటరీలో ఏ కొస బాడీకి కలిసి ఉంది, డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లోకి వైర్లు ఎలా బిగుస్తున్నాయి అన్నవి కూడా రాసుకోండి. ఈ మూడు వివరాలూ కింద మళ్లీ అవసరమవుతాయి.

విప్పిన ప్లగ్‌ల రంగు ఇంజన్ ఆరోగ్యాన్ని చెబుతుంది. ఇన్సులేటర్ ముక్కు లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే మంట సవ్యంగా ఉందని అర్థం. సీసం కలిపిన పెట్రోల్ కాలంలో కనిపించిన ముదురు గోధుమ పూత సీసం లేని పెట్రోల్‌తో అంతగా రాదు కాబట్టి, కొంచెం తెల్లగా ఉందని వెంటనే కంగారు పడనక్కర్లేదు. పొడిగా, మఖమల్‌లా పరుచుకున్న నల్లటి మసి, పెట్రోల్-గాలి మిశ్రమం చిక్కగా ఉందని, లేదా ప్లగ్ మరీ చల్లదని (అంటే వేడిని మరీ త్వరగా వదిలే రకమని) చెబుతుంది. తడిగా, జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్ పిస్టన్ రింగుల నుంచో వాల్వ్ గైడ్ల నుంచో లోపలికి దిగుతోంది, దాన్ని ఏ ప్లగ్గూ నయం చేయలేదు. సున్నంలా తెల్లబడి, మీద చిన్న పొక్కులు కనిపిస్తే ప్లగ్ అతిగా వేడెక్కుతోంది. అప్పుడు మిశ్రమం పలచబడిందా, టైమింగ్ (స్పార్క్ వచ్చే క్షణం) ముందుకు జరిగిందా అని చూడాలి. ఒక సిలిండర్ ప్లగ్ మాత్రమే మిగతావాటికి భిన్నంగా ఉంటే, కారణాన్ని ఆ సిలిండర్‌లోనో ఆ వైరులోనో వెతకండి.

ఒక జాగ్రత్త. ఐడిల్‌లో (కారు కదలకుండా ఇంజన్ మాత్రం నడిచేలా) చాలాసేపు ఉంచి ఆపిన ఇంజన్ ప్లగ్‌లు ఎప్పుడూ కొంత నల్లగానే కనిపిస్తాయి. రంగును నమ్మాలంటే కారును కొంత దూరం మామూలు వేగంతో, బరువు మీద (ఇంజన్‌పై భారం పడేలా) నడిపి, ఐడిల్‌లో ఉంచకుండా ఆపి, చల్లారాక చూడాలి.

రెండో అడుగు: కొలతలు

ఇక్కడ ఊహలకు తావు లేదు. థ్రెడ్ వ్యాసం, రీచ్, కూర్చునే తీరు, పానా పట్టే షడ్భుజం అనే నాలుగు కొలతలూ సరిపోవాలి.

పాత కార్లలో ఎక్కువగా కనిపించేది 14 మి.మీ. థ్రెడ్. 1960లనాటి అమెరికన్ ఫోర్డ్ వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న) ఇంజన్లలో 18 మి.మీ. థ్రెడ్ ఉన్న ప్లగ్‌లు వాడారు. రీచ్ అంటే థ్రెడ్ భాగం హెడ్‌లోకి దిగే పొడవు. సాధారణంగా ఇది 12.7 మి.మీ. గానీ 19 మి.మీ. గానీ ఉంటుంది. వోక్స్‌వ్యాగన్ బీటిల్ ఎయిర్‌కూల్డ్ ఇంజన్‌లో 12.7 మి.మీ. రీచ్, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీలో 19 మి.మీ. రీచ్ వాడతారు. పొట్టి రీచ్ కావలసిన చోట పొడవు ప్లగ్ పెడితే అది పిస్టన్‌కో వాల్వ్‌కో తగిలి ఇంజన్‌ను పాడుచేయగలదు. తగలకపోయినా, మంటలోకి పొడుచుకువచ్చిన థ్రెడ్లు ఎర్రగా కాలి, స్పార్క్ రాకముందే మిశ్రమాన్ని అంటించగలవు. పొడవు కావలసిన చోట పొట్టిది పెడితే హెడ్‌లో మిగిలిపోయిన థ్రెడ్లలో మసి గట్టిపడి, తరువాత సరైన ప్లగ్ పెట్టబోయినప్పుడు అడ్డుపడుతుంది. పాత ప్లగ్‌ను కొలిచి కొత్తది కొనడం మంచి అలవాటే, కానీ కారులో అప్పటిదాకా ఉన్నది సరైనదేనన్న హామీ లేదు. అంతిమ మాట మాన్యువల్‌దే.

కూర్చునే తీరు రెండు రకాలు. వాషర్ ఉండి చదునుగా కూర్చునేది ఒకటి, వాషర్ లేకుండా శంకువులా వాలుగా కూర్చునేది మరొకటి. పైన చెప్పిన 18 మి.మీ. ఫోర్డ్ ప్లగ్‌లు రెండో రకానివి. ఒకదాని బదులు మరొకటి పెట్టకూడదు. శంకు రకానికి విడిగా వాషర్ తగిలించడం కూడా తప్పే. ఇక షడ్భుజం 20.8 మి.మీ. గానీ 16 మి.మీ. గానీ ఉంటుంది. అది ఇంజన్‌కు పట్టదు, మీ పానాకు పడుతుంది, కానీ హెడ్‌లోని గుంట ఇరుకుగా ఉన్నప్పుడు తప్పక చూడవలసిన విషయమే.

ప్లగ్ తలపై ఉండే చిన్న నట్టును కూడా మరవకండి. కొన్ని పాత ప్లగ్ క్యాప్‌లు దాన్ని తీసేసిన 4 మి.మీ. థ్రెడ్ మీద పట్టుకుంటాయి, కొన్నింటికి ఆ నట్టు ఉండాలి. నట్టు విడిగా వచ్చే ప్లగ్ కొంటే రెండు అవసరాలకూ పనికొస్తుంది.

మూడో అడుగు: కోడ్‌ను విప్పడం

ప్లగ్ మీది అక్షరాలు పైన చెప్పిన కొలతలన్నిటినీ చెబుతాయి. ఉదాహరణకు ప్లగ్ తయారీ కంపెనీ ఎన్‌జీకే వారి బీపీఆర్6ఈఎస్‌ను తీసుకుందాం. బీ అంటే 14 మి.మీ. థ్రెడ్, 20.8 మి.మీ. షడ్భుజం. పీ అంటే ఇన్సులేటర్ ముక్కు లోపలికి పొడుచుకువచ్చిన రకం. ఆర్ అంటే లోపల నిరోధకం ఉన్నది. 6 హీట్ రేంజ్ (దీని అర్థం నాలుగో అడుగులో). ఈ అంటే 19 మి.మీ. రీచ్, అదే హెచ్ అయితే 12.7 మి.మీ. చివరి ఎస్ రాగి కడ్డీ ఉన్న మామూలు మధ్య ఎలక్ట్రోడ్‌కు గుర్తు. ఛాంపియన్ ఎన్9వైసీ, బాష్ డబ్ల్యూ7డీసీ, నిరోధకం లేని ఎన్‌జీకే బీపీ6ఈఎస్ దాదాపు ఒకే కోవకు చెందినవి.

అసలు ఉచ్చు హీట్ రేంజ్ అంకెలో ఉంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్‌లలో అంకె పెరిగితే ప్లగ్ చల్లదవుతుంది. బాష్, ఛాంపియన్ ప్లగ్‌లలో అంకె పెరిగితే వేడిదవుతుంది. ఒక కంపెనీ అలవాటుతో మరో కంపెనీ ప్లగ్ కొన్నవారు సరిగ్గా తాము అనుకున్నదానికి వ్యతిరేక దిశలో వెళ్లిపోతారు. మార్పిడి పట్టికలు దారి చూపడానికి పనికొస్తాయి గానీ అవి దగ్గరి పోలికలే, కొలతల్లో ఒక్కొక్కదాన్నీ మళ్లీ సరిచూసుకోవాలి.

నాలుగో అడుగు: హీట్ రేంజ్ నిర్ణయం

హీట్ రేంజ్ అంటే స్పార్క్ ఎంత వేడిగా ఉంటుందన్నది కాదు. ప్లగ్ తన ముక్కు దగ్గర చేరిన వేడిని ఎంత త్వరగా హెడ్‌కు అప్పగిస్తుందన్నది దాని అర్థం. ఇన్సులేటర్ ముక్కు పొడవుగా ఉంటే వేడి ప్రయాణించే దూరం పెరిగి ముక్కు వేడిగానే నిలుస్తుంది, అది వేడి ప్లగ్. ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా జారిపోతుంది, అది చల్లటి ప్లగ్. ముక్కు సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీద పడిన మసి కాలిపోయి శుభ్రమవుతుంది. 850 డిగ్రీలకు పైబడితే స్పార్క్‌తో పని లేకుండా ముక్కే నిప్పుకణికలా మిశ్రమాన్ని అంటించే ప్రమాదం మొదలవుతుంది. మన ఎంపిక ఈ రెండు హద్దుల మధ్య ఉండాలి.

పాత కార్లలో చాలావాటికి మాన్యువల్ చెప్పిన రేంజే సరిపోతుంది. మార్చవలసి వస్తే ఒక్క మెట్టు మాత్రమే మార్చండి. కారు ఎప్పుడూ చిన్న దూరాలకే, తక్కువ వేగంతో తిరుగుతూ, టైమింగ్, చోక్ (చలిలో స్టార్ట్ కావడానికి మిశ్రమాన్ని చిక్కబరిచే ఏర్పాటు), మిశ్రమం అన్నీ సరిగ్గా ఉన్నా ప్లగ్‌లకు మసి పడుతూ ఉంటే ఒక మెట్టు వేడి ప్లగ్ సాయపడుతుంది. కంప్రెషన్ పెంచిన ఇంజన్‌కు, గంటల తరబడి వేగంగా నడిపే కారుకు ఒక మెట్టు చల్లది పెట్టాలి. ఎటూ తేలకపోతే చల్లటి వైపు ఉండడం క్షేమం. మసి పట్టిన ప్లగ్‌ను శుభ్రం చేసుకోవచ్చు, కానీ అతిగా వేడెక్కిన ప్లగ్ వల్ల పిస్టన్‌కు రంధ్రం పడితే ఇంజన్ విప్పవలసిందే. పాడైన మిశ్రమాన్ని కప్పిపుచ్చడానికి వేడి ప్లగ్ పెట్టడం నాకు ఏమాత్రం ఇష్టం లేని పని. ముందు చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చూడండి.

పొడుచుకువచ్చిన ముక్కు రకం తక్కువ వేగంలో త్వరగా వేడెక్కి శుభ్రమవుతుంది, ఎక్కువ వేగంలో లోపలికి వచ్చే చల్లటి మిశ్రమం దాన్ని చల్లబరుస్తుంది. అందుకే రోడ్డు మీది కారుకు అది మంచిదే. అయితే మొదట్లో చదును ముక్కు ప్లగ్‌తో వచ్చిన ఇంజన్‌లో దీన్ని పెట్టే ముందు పిస్టన్‌కు, ప్లగ్‌కు మధ్య చోటుందని రూఢి చేసుకోవాలి.

ఐదో అడుగు: ఎలక్ట్రోడ్ లోహం, నిరోధకం, గ్యాప్

రాగి ప్లగ్ అని జనం పిలిచేదానిలో రాగి లోపలి కడ్డీలోనే ఉంటుంది, స్పార్క్ దూకే కొన నికెల్ మిశ్రమం. కార్బ్యురేటర్ ఉన్న పాత ఇంజన్‌కు నేను ఎప్పుడూ ఈ మామూలు ప్లగ్‌నే సిఫారసు చేస్తాను. ప్లాటినం, ఇరిడియం ప్లగ్‌లలో సన్నటి కొన వల్ల స్పార్క్‌కు తక్కువ వోల్టేజీ చాలుతుంది, అరుగుదల తక్కువ. కానీ వాటి అసలు లాభం వేల కిలోమీటర్ల ఆయుష్షు. ఏడాదికి కొద్దిపాటి దూరమే తిరుగుతూ, చోక్ మీద మసి పట్టే కారులో ఆ ఆయుష్షు తీరేలోపే మసి వాటిని ముంచేస్తుంది. సన్నటి కొనను వైర్ బ్రష్‌తో శుభ్రం చేయలేం కూడా.

నిరోధకం ఉన్న ప్లగ్‌లో సాధారణంగా 5 వేల ఓమ్‌ల నిరోధం ఉంటుంది. రేడియోలో వచ్చే గరగరను అది తగ్గిస్తుంది, ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌ను కాపాడుతుంది. పాయింట్లతోనే నడిచే, మాడ్యూల్ లేని కారుకు అది తప్పనిసరి కాదు. మిగతా దారిలో ఎంత నిరోధం ఉందో చూసి నిర్ణయించాలి.

గ్యాప్ విషయంలో పెట్టె మీది మాటను నమ్మకండి, ప్రతి ప్లగ్‌నూ ఫీలర్ గేజ్‌తో కొలవండి. పాయింట్ల ఇగ్నిషన్ ఉన్న కార్లలో గ్యాప్ తరచుగా 0.6 నుంచి 0.7 మి.మీ. మధ్య ఉంటుంది. ఎంజీబీ మాన్యువల్ 0.025 అంగుళం, అంటే 0.64 మి.మీ. చెబుతుంది. బలమైన కాయిల్, ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టినవారు మాడ్యూల్ తయారీదారు అనుమతిస్తే 0.8 మి.మీ. లేదా అంతకు కొంచెం ఎక్కువకు వెళ్లవచ్చు. పాత కాయిల్ మీద గ్యాప్ పెంచితే, బరువు మీద కొండ ఎక్కేటప్పుడు మిస్‌ఫైర్ (సిలిండర్‌లో మంట తప్పిపోవడం) మొదలవుతుంది. సర్దేటప్పుడు బాడీకి అతికి ఉన్న వంపు ఎలక్ట్రోడ్‌నే వంచాలి. మధ్య ఎలక్ట్రోడ్‌ను వంచబోతే ఇన్సులేటర్ కంటికి కనిపించకుండా చీలుతుంది.

ఆరో అడుగు: వైరు లోపల ఏముంది?

పాతకాలపు కారు యజమానులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. వైర్లు మూడు రకాలు. మధ్యలో రాగి తీగలున్నవాటికి నిరోధం లేనట్టే. కార్బన్ నింపిన దారం ఉన్నవాటిలో మీటరుకు సుమారు 10 నుంచి 20 వేల ఓమ్‌ల నిరోధం ఉంటుంది. మూడో రకంలో సన్నటి తీగను స్ప్రింగులా చుట్టి ఉంటారు, దాని నిరోధం తక్కువ, అయినా రేడియో అలజడిని అణిచివేస్తుంది.

ఏది కావాలో ముందుగా మీ డిస్ట్రిబ్యూటర్ క్యాప్ నిర్ణయిస్తుంది. లూకాస్ కంపెనీ పాత డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లలో కొన్నింట వైరును పక్కనుంచి లోపలికి తోసి, మొనదేలిన మరను బిగిస్తే ఆ మొన వైరును గుచ్చుకుని లోపలి రాగిని అందుకుంటుంది. ఇలాంటి క్యాప్‌కు రాగి వైరే పెట్టాలి. ఒకసారి నా దగ్గరకు వచ్చిన కారులో ఇలాంటి క్యాప్‌కు ఎవరో కొత్త సిలికాన్ కార్బన్ వైర్లు బిగించారు. స్టార్ట్ అయ్యేది, పది నిమిషాలు చక్కగా నడిచేది, వేడెక్కాక ఒక సిలిండర్ చచ్చుబడేది. మర మొన కార్బన్ దారాన్ని పక్కకు చీల్చుకుపోవడంతో స్పార్క్ క్యాప్ లోపలే దూకుతూ అక్కడ నల్లగా కాల్చివేసింది. రాగి వైర్లు, కొత్త క్యాప్ పెట్టాక దోషం మళ్లీ రాలేదు. వైరు చివర లోహపు టెర్మినల్ తొడిగి క్యాప్‌లోకి నొక్కే రకం అయితే మూడు వైర్లలో ఏదైనా సరిపోతుంది.

రెండో నిర్ణయం ఇగ్నిషన్‌ది. పాయింట్ల బదులు డిస్ట్రిబ్యూటర్ లోపల ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటే, వట్టి రాగి వైర్ల నుంచి వెలువడే విద్యుత్ అలజడి దాని పనిని చెదరగొట్టగలదు. అక్కడ కార్బన్ వైరు గానీ చుట్టిన వైరు గానీ వాడండి. మొనదేలిన మరల క్యాప్, మాడ్యూల్ రెండూ కలిసి ఉన్న కారులో రాగి వైరునే ఉంచి, నిరోధకం ఉన్న ప్లగ్ క్యాప్‌లతో గానీ ప్లగ్‌లతో గానీ అణచడం నేను పాటించే పద్ధతి. మాడ్యూల్ తయారీదారు దాన్ని ఒప్పుకోకపోతే నొక్కుడు రకం క్యాప్‌కు మారాలి.

ఇప్పుడు నిరోధాలన్నిటినీ కూడండి. ప్లగ్‌లో 5 వేలు, ప్లగ్ క్యాప్‌లో 5 వేలు, నిరోధకం ఉన్న రోటర్ అయితే దానిలో మరో 5 వేలు, కార్బన్ వైరులో ఇంకొన్ని వేలు కలిస్తే మొత్తం 20 వేల ఓమ్‌ల వరకు చేరుతుంది. గ్యాప్‌ను ఛేదించే క్షణంలో ప్రవాహం చాలా స్వల్పం కాబట్టి ఈ నిరోధం పెద్దగా అడ్డుపడదు. కానీ స్పార్క్ మొదలయ్యాక, లెక్క కోసం 30 మిల్లీ ఆంపియర్లు పారుతున్నాయనుకుంటే, 20 వేల ఓమ్‌లలోనే 600 వోల్టులు పోతాయి. రగిలిన స్పార్క్ నిలబడడానికి కావలసింది వెయ్యి, రెండు వేల వోల్టుల స్థాయిలోనే ఉంటుంది కనుక ఆ నష్టం చిన్నది కాదు, స్పార్క్ నిడివి తగ్గిపోతుంది. పాత కాయిల్ ఉన్న కారులో నిరోధకాన్ని దారిలో ఏదో ఒకచోట పెట్టి, మిగతా చోట్ల తీసేయడం మేలు.

8 మి.మీ. వైరు 7 మి.మీ. వైరు కంటే బలమైన స్పార్క్ ఇస్తుందన్న నమ్మకం నిజం కాదు. ఆ కొలత పై తొడుగుది, అది మందంగా ఉంటే ఇన్సులేషన్ పెరుగుతుందంతే. పాత కారు క్యాప్ రంధ్రాలు, వైర్లను పట్టే క్లిప్పులు తరచుగా 7 మి.మీ.కే చేసి ఉంటాయి. తొడుగు విషయానికొస్తే, సిలికాన్ వేడిని బాగా తట్టుకుంటుంది కానీ పదునైన అంచు తగిలితే సులభంగా చిరుగుతుంది. పాతకాలపు రూపం కోసం నూలు అల్లిక ఉన్న వైరు కొనేవారు, అల్లిక కింద ఆధునిక ఇన్సులేషన్ ఉందో లేదో అడిగి కొనాలి.

ఏడో అడుగు: అమర్చడం

థ్రెడ్లను శుభ్రం చేసి, ప్లగ్‌ను చేతివేళ్లతోనే చివరిదాకా తిప్పండి. మొదటి చుట్లలోనే బిగువు తగిలితే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి, ముఖ్యంగా అల్యూమినియం హెడ్‌లో. వాషర్ ఉన్న 14 మి.మీ. ప్లగ్‌కు అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30, పోత ఇనుప హెడ్‌లో 25 నుంచి 35 న్యూటన్ మీటర్ల టార్క్ చాలు. టార్క్ రెంచ్ లేకపోతే, కొత్త వాషర్ అయితే వేళ్ల బిగువు తరువాత అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు వరకు తిప్పాలి. శంకు రకానికి చుట్టులో పదహారో వంతు సరిపోతుంది. థ్రెడ్లకు గ్రీజు పూస్తే అదే టార్క్ అంకెకు బిగువు ఎక్కువైపోతుంది, పూత ఉన్న కొత్త ప్లగ్‌లకు అది అవసరం లేదు.

వైర్లను ఒక్కొక్కటిగా మార్చండి. వెంటవెంటనే మండే రెండు పక్క సిలిండర్ల వైర్లను చాలా దూరం సమాంతరంగా కట్టకూడదు, ఒకదానిలోని విద్యుత్తు రెండోదానిలో స్పార్క్‌ను ప్రేరేపించగలదు. 1-8-4-3-6-5-7-2 వరుసలో మండే షెవ్రొలే స్మాల్ బ్లాక్ వీ8లో 5, 7 సిలిండర్లు ఇలాంటివే. ఆ రెండు వైర్లను విడదీసి, మధ్యలో మరో వైరు ఉండేలా నడిపించండి.

కాయిల్ ధ్రువాన్ని చూడండి. వేడెక్కిన మధ్య ఎలక్ట్రోడ్ నుంచి ఎలక్ట్రాన్లు తేలిగ్గా బయలుదేరతాయి, అందుకే అది రుణ ధ్రువంగా ఉండాలి. పాజిటివ్ ఎర్త్ కారును (బ్యాటరీ ధన కొస బాడీకి కలిసి ఉన్నదాన్ని) నెగటివ్ ఎర్త్‌కు మార్చినవారు కాయిల్ మీది రెండు చిన్న వైర్లను కూడా అటూ ఇటూ మార్చాలి. అది మరచిపోయినా కారు నడుస్తుంది, కానీ స్పార్క్‌కు ఎక్కువ వోల్టేజీ కావలసివచ్చి, బరువు మీద, వేగం మీద దోషం బయటపడుతుంది.

ఎనిమిదో అడుగు: పరీక్ష

స్టార్ట్ చేసే ముందు మల్టీమీటర్‌తో ప్రతి వైరు నిరోధాన్ని కొలిచి, వైరును అటూ ఇటూ వంచుతూ అంకె ఎగిరిపోతోందేమో చూడండి. కార్బన్ వైర్లలో నిరోధం పొడవుకు తగినట్టు ఉండాలి, ఒక్కటి మాత్రం మిగతావాటి వరుసలో లేకపోతే దాన్ని వెనక్కి ఇచ్చేయండి. తరువాత చీకట్లో, తలుపులు తెరిచి గాలి ఆడే చోట, ఇంజన్ నడుస్తుండగా వైర్లను దూరం నుంచే గమనించండి. నీలి మెరుపులు పాకుతూ కనిపిస్తే ఇన్సులేషన్ ఎక్కడో తెగింది. నడుస్తున్న ఇంజన్ వైర్లను చేత్తో ముట్టుకోకండి. పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పరీక్షకు దగ్గరగా రాకూడదు.

రెండు, మూడు వందల కిలోమీటర్లు నడిపాక ప్లగ్‌లను మళ్లీ విప్పి, రంగును చూసి, గ్యాప్‌ను కొలిచి, మొదటి రోజు రాసుకున్న పుస్తకంలోనే తేదీ, కిలోమీటర్లు, ప్లగ్ కోడ్, ఒక్కో వైరు ఓమ్‌లు నమోదు చేయండి. తరువాతి సారి మిస్‌ఫైర్ వచ్చినప్పుడు పోల్చి చూడవలసిన అంకెలు ఇవే.